గుర్రాలవాడి నోట మామ మాటలు

ప్రొద్దుటూరులో మా ఇంట్లో కూర్చునే హైదరాబాదు డబ్బింగ్ సంస్థకు మాటలు రాస్తాను. పరాయి సినిమాల్లో పెదవులు కదిలే తీరుకు తెలుగు అతికించడం నా పని. "మీది రాయలసీమా? మాట వింటే అస్సలు తెలియదే" అని వాళ్లంటే తెగ మురిసిపోయేదాన్ని. సిగ్గులేనిదాన్ని.

ఒకసారి ఒక జర్మన్ సినిమా వచ్చింది. పాతకాలపు రాజుల కథే, కానీ తలాతోకా లేని హాస్యం. యుద్ధం నడిమధ్యలో రెండు సైన్యాలూ ఆగి ఒకే బంతిలో కూర్చుని భోంచేస్తాయి. రాజుగారి మంత్రి నల్లజాతి ఆయన. సేనాధిపతి చక్రాల కుర్చీలో వచ్చే ఆడమనిషి. వాళ్లను చూసి సినిమాలో ఎవరూ వింతపడరు. ఎగతాళంతా రాజుగారి మీదే. గుర్రాలు కాసేవాడు కూడా రాజు మాట్లాడినట్టే మాట్లాడతాడు, అంతే దర్జాగా. అదే నాకు బాగా నచ్చింది. నచ్చిందని పదిమందికి చెబుతూనే దాన్ని పాడు చేశాను.

గుర్రాలవాడి దగ్గర నవ్వు చాలలేదన్నారు సంస్థవాళ్లు. "మా వైపు యాస పెడితే పడీ పడీ నవ్వుతారు" అన్నాను. వాళ్లు అడగలేదు, నేనే అన్నాను. నా బుద్ధి గడ్డి తింది.

అంతటితో ఆగానా? ఆ యాస నా నోటికి దూరమైపోయింది కాబట్టి లింగాలలో గొర్రెలు మేపే మా మేనమామకు ఫోన్ చేశాను. "నీ మాటలు సినిమాలో పెడతా, ఏదన్నా చెప్పు మామా" అన్నాను. ముద్దనూరు దిక్కు మేపుకు పోయినప్పుడు ఒక గొర్రె తప్పిపోయిన సంగతి చెప్పాడు.

"దాందేం తప్పు పాపా, నేనే రెప్ప మూసినా. దాని పిల్ల మూడు దినాలు అరస్తానే ఉన్యాది. నాకు బువ్వ దిగల్యా."

చెబుతూ మధ్యలో ఆయన ముక్కు చీదుకున్నాడు. నేను మాత్రం ఆ మాటల్ని రాసుకున్నాను. రాజుగారి గుర్రాన్ని పోగొట్టుకుని గుర్రాలవాడు సభలో ఏడ్చే చోట, గొర్రె బదులు గుర్రం అని మార్చి అతికించాను.

సినిమా టీవీలోకి వచ్చిన వారం మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాళ్ల ఊరివాళ్లు ఇద్దర్ని వెంటబెట్టుకుని, పులివెందులలో బస్సు మారి మా ఇంటికి వచ్చాడు. "మా పాప సినిమాలో నా మాటలుండాయి" అని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడట.

గుర్రాలవాడు నోరు తెరిచాడు. సభంతా పొట్ట పట్టుకుని నవ్వింది. జర్మన్‌లో ఆ నవ్వు రాజుగారి మీదే, నా యాసే దాన్ని గుర్రాలవాడి మీదికి తిప్పింది. మామతో వచ్చినవాళ్లూ నవ్వారు. "ఇది నీ మాటే గదప్పా" అని ఒకాయన తొడ మీద చరిచాడు. మామ కూడా నవ్వబోయాడు. గుర్రప్పిల్ల మూడు దినాలు అరిచిన మాట దగ్గర ఆయన నోరు మూతపడింది. నేను లేచి వంటింట్లోకి పోయాను, టీ వంకతో.

వచ్చినవాళ్లు వక్కాకు తెచ్చుకుంటామని బయటికి పోయాక మామ మెల్లగా అడిగాడు.

"ఆ నల్లాయప్పను జూసి ఎవురూ నగల్యా. కుర్చీలో ఆయమ్మను జూసీ నగల్యా. గుర్రాలోన్ని జూసి మాత్రం నగినారు. వాళ్ల బాసలో గూడా వాడు నా మాదిరే మాట్లాడ్తాడా పాపా?"

లేదు మామా, అది నేను చేసిన పని. ఇంతే చెప్పాల్సింది. నా నోరు పడిపోను, "అవును మామా" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఆ దేశంలో గూడా మనల్ని జూసి నగుతారన్నమాట" అన్నాడు.

అంతకు ముందు వారానికి రెండుసార్లైనా ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపేవాడు. వాన పడిందనో, ఫలానా గొర్రె ఈనిందనో. ఇప్పుడు గొర్రెల ఫోటోలు మాత్రమే పంపుతాడు.