లెక్కల మాస్టారి పరుగు

ఆటల పీరియడ్ వచ్చిందంటే చాలు, లెక్కల మాస్టారు సుద్దముక్కతో గుమ్మంలో ప్రత్యక్షం. సిలబస్ మిగిలిపోయిందంటూ పిల్లల్ని పట్టుకుపోయేవారు. ఆటల టీచరమ్మ పళ్లు నూరుకుంటూ బంతుల గదికి తాళం వేసుకునేది.

మొన్న ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చి పిల్లల జబ్బలకు పట్టీ చుట్టి చూస్తే, బొద్దుగా ఉన్న కొందరికి అప్పుడే బీపీ ఎక్కువగా ఉంది. రోజూ ఆడించమని మరీ మరీ చెప్పి వెళ్లింది.

అయినా మాస్టారు అలవాటు కొద్దీ వచ్చారు. "ఈ ఒక్క పీరియడ్ ఇవ్వమ్మా."

"తీసుకోండి మాస్టారూ. కాకపోతే ఎక్కాలు పరిగెత్తుతూ చెప్పాలి."

పౌరుషానికి పోయి ఆయన పరుగందుకున్నారు. పిల్లలు గోలగోలగా వెంటపడ్డారు. ఏడో ఎక్కం సగంలోనే గాలికి పోయింది.

గంట కొట్టాక రొప్పుతూ వచ్చి, "రేపూ ఇవ్వమ్మా" అన్నారు.

"మళ్లీ లెక్కలా?" ఆమెకు ఒళ్లు మండింది.

"లెక్కల మాటెవరెత్తారు? ఆ బొద్దుపిల్ల నన్ను దాటిపోయింది. రేపు దాని పని చెప్పొద్దూ!"