పార్కింగ్‌లో పెట్టినా నిలవని బండి

బోరు బండి మీద పనిచేసే రోజుల్లో ఒక ఇనుప పైపు జారి నా ఎడమ మోకాలి మీద పడింది. ఆపరేషన్ అయ్యాక నడవగలిగాను గానీ క్లచ్ తొక్కడం నా వల్ల కాలేదు. ఆ పని మానేసి కల్వకుర్తి దగ్గర చిన్న నర్సరీ పెట్టుకున్నాం, నేనూ నా భార్యా. ఊరూరి అంగడికి మొక్కలు తీసుకుపోవాలంటే బండి కావాలి. హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన ఆటోమేటిక్ ట్రక్కు ఒకటి దొరికితే తెచ్చుకున్నాం. వెనక తొట్టి, లోపల రెండే పెడళ్లు. నర్సరీకి వచ్చినవాళ్లంతా తలుపు తీసి కిందికి తొంగిచూసి, "క్లచ్ యాడుందన్నా?" అని అడిగేవారు. మొదట్లో చెప్పడం సరదాగా ఉండేది. తర్వాత విసుగొచ్చింది.

ఆ బండిలో గేరు మార్చడమంటే రాడ్డును ముందుకూ వెనక్కీ జరపడమే. అన్నిటికంటే ముందు పార్కింగ్, ఆ తర్వాత రివర్స్, న్యూట్రల్, డ్రైవ్. పార్కింగ్‌లో పెడితే చక్రాలు కదలవు; పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. పక్కన రాసిన అక్షరాలు మా చేతికి వచ్చేసరికే చెరిగిపోయాయి.

కింద ఏదో చప్పుడు వస్తోందని ఊళ్లో ఒక మెకానిక్‌తో గేర్‌బాక్స్ కింది రబ్బరు మార్పించాను. మరునాటి నుంచి రాడ్డు పార్కింగ్‌లో ఉంటే బండి స్టార్ట్ కావడం మానేసింది. తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ పోయిందన్నాడు మెకానిక్. కొత్తది వేయించాను. అయినా అంతే. సెల్ఫ్ మోటారు విప్పాలన్నాడు. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. అయినా అంతే. ఒళ్లు మండి నేనే రాడ్డును కొంచెం కొంచెంగా లాగుతూ తాళం తిప్పాను. రివర్స్‌కూ న్యూట్రల్‌కూ మధ్య, ఏ పేరూ లేని చోట, ఇంజిన్ అందుకుంది.

"స్టార్టయింది గదన్నా, ఇంకేంది?" అన్నాడు మెకానిక్. "గీ బండ్లు గిట్లనే ఉంటయి. మరీ ఫికర్ గుంటే పట్నం తీస్కపోయి గేర్‌బాక్స్ ఇప్పియ్యి."

వానలు పడాల్సిన రోజులు, ఎండ మాత్రం తగ్గలేదు. మొక్కలు అమ్ముడుపోయే కాలం అదే. అచ్చంపేట అంగడికని మామిడి, జామ, నిమ్మ మొక్కలు ఎక్కించుకుని పొద్దున్నే బయలుదేరాం. దారి పొడుగునా బండి కుదుపుతూనే ఉంది.

అంగడి దగ్గర రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది. రాడ్డు పార్కింగ్‌లోకి నెట్టి, అంతంతమాత్రంగా పట్టే హ్యాండ్‌బ్రేకు కూడా లాగి దిగాను. తొట్టి తలుపు తీసి రెండు కుండీలు దించామో లేదో బండి చప్పుడు లేకుండా వెనక్కి కదిలింది. నా భార్య నన్ను రెక్క పట్టి పక్కకు లాగింది. మా వెనకే కుండలు పరుచుకుని కూర్చున్న ముసలమ్మ లేచి తప్పుకుంది. బండి ఆమె కుండల మీదికెక్కి, అక్కడున్న రాయికి తగిలి ఆగింది.

"బండి నిలవెట్ట రాదా బిడ్డా?" అంది ముసలమ్మ, పెంకులు ఏరుకుంటూ.

పార్కింగ్‌లోనే పెట్టానని ఆమెకు ఎలా చెప్పను? పగిలిన కుండలకు బదులు నిమ్మ మొక్కలు అడిగి తీసుకుంది.

నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టి ఫోన్‌లో వీడియోలు వెతికాను. ఏదో దేశంలో ఒకాయన బండిని యంత్రంతో పైకెత్తి, జుట్టు కూడా చెదరకుండా పని ముగించాడు. మాట అర్థం కాకపోయినా విషయం తెలిసింది. రాడ్డు నుంచి గేర్‌బాక్స్ దాకా ఒక కేబుల్ పోతుంది. ఆ కేబుల్ పొడవు తప్పితే రాడ్డు ఒకచోట, గేరు మరోచోట.

నేను కిందికి దూరాను. మోకాలు మడవలేక పక్కకు పడుకుని చూడాల్సి వచ్చింది. పైన ఆమె రాడ్డు పట్టుకుంది.

"న్యూట్రల్‌ల పెట్టు," అన్నాను.

"పెట్టిన."

"అది రివర్స్."

"ఈడ అచ్చరాలే లేవు, నాకేమెర్క?"

"ముందటికెల్లి లెక్కవెట్టు అన్న గద."

"లెక్కవెట్టిన. నువ్వు మల్లొకటి జరుపుమంటివి."

అలా ఎంతసేపు వాదించుకున్నామో గుర్తులేదు. మట్టి కళ్లలో పడింది. వేడి గొట్టం తగిలి మోచేయి కాలింది. చేతిలోని పానా విసిరేశాను. ఆమె దిగొచ్చి పానా తీసుకుంది.

"నువ్వు లే. పైకి పోయి గా రాడ్డు వట్టుకో. కింద నేను జూస్త."

మొక్కల పనికని చీర మీద వేసుకునే నా పాత చొక్కా గుండీలు పెట్టుకుని ఆమె బండి కిందికి దూరింది. కాసేపటికి గొంతు వినిపించింది. "కేబుల్ కొసకు ఒక నట్టుంది. చేత్తోటి తిప్పితె తిరుగుతాంది."

రబ్బరు మార్చినప్పుడు విప్పిన నట్టు అది. గేర్‌బాక్స్ మీది పిడిని పార్కింగ్ వైపు చివరిదాకా తోసి, అక్కడి నుంచి టక్కుమని రెండుసార్లు వినిపించేదాకా వెనక్కి తెమ్మన్నాను. పైన రాడ్డును కూడా చివరి నుంచి రెండు గాళ్లు జరిపి న్యూట్రల్‌లో పెట్టాను. ఆమె నట్టు బిగించింది. రాడ్డు పార్కింగ్‌లోకి తెచ్చి తాళం తిప్పితే మళ్లీ మౌనమే. బిగించేటప్పుడు నా చెయ్యి రాడ్డును కొంచెం లాగిందని అర్థమైంది. ఆమె మళ్లీ వదులు చేసి, "కదలకు, ఊపిరి గూడ తీస్కోకు," అంది. రెండోసారి బిగించాక పార్కింగ్‌లోనే ఇంజిన్ అందుకుంది. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వదిలి, రాళ్లను జానెడు దూరం జరిపి ఇద్దరం తోశాం. బండి కదలలేదు.

నాకు సంతోషం కలగలేదు. అప్పటికి అంగడి పలచబడింది. మామిడి చిగుళ్లు మాడిపోయాయి. తెచ్చినవాటిలో సగానికి పైగా వెనక్కి తీసుకుపోయాం.

దారిలో మెకానిక్ దుకాణం ముందు బండి ఆపి జరిగింది చెప్పాను. "ఓ, గా నట్టా," అన్నాడు. "బిగియ్య మర్సిన గావచ్చు." చెంచా ఎక్కడో పెట్టి మరిచిపోయినంత తేలిగ్గా అన్నాడు. ఇంకాసేపు అక్కడుంటే ఏదో ఒకటి అనేవాణ్నే. నా భార్య, "పోదాం పా, మొక్కలకు నీళ్లు పొయ్యాలె," అంది.

నీళ్లు పోశాం. కొన్ని మామిడి మొక్కలు తేరుకున్నాయి, మిగిలినవి ఎండిపోయాయి. నా మోకాలు వాచి దవాఖానకు పోవాల్సి వచ్చింది. ఆ మెకానిక్ గడప తొక్కనని అనుకున్నాను గానీ, మరుసటి ఏడు బ్రేకుల పని పడితే మళ్లీ అతని దగ్గరికే పోయాను. ఆటోమేటిక్ బండిని ముట్టుకునేవాడు అక్కడ ఇంకొకడు లేడు. ఈసారి నా భార్య కూడా వచ్చింది. అతను విప్పిన ప్రతి నట్టునూ తన కొంగులో వేసుకుని, అవన్నీ తిరిగి బిగించేదాకా అక్కడి నుంచి లేవలేదు.