తిట్టనిదే పానా పట్టని ఓదెలు

కొత్తగూడ చౌరస్తాలో రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ ఓదెలు, బండి తెచ్చినవాణ్ణి తిట్టనిదే పానా పట్టేవాడు కాదు. పూజకు సంకల్పం ఎలాగో ఆయన రిపేరుకు తిట్టు అలాగ. కార్బ్యురేటరులో చెత్త చేరితే చెత్త పెట్రోలు పోయించినందుకు తిట్టేవాడు. టైరులో మేకు దిగితే మేకు ఉన్న చోటికి టైరును తీసుకెళ్లినందుకు తిట్టేవాడు. బండిలో ఏ లోపమూ లేదని తేలితే ఇంకా ప్రమాదం. లోపం లేని బండి తెచ్చి పొద్దు పాడు చేసినందుకు రెండింతలు పడేవి. కోపం తగ్గించుకోమని ఊరందరికీ నీతులు చెప్పే పెద్దలున్నారు. వాళ్లెవరూ ఏనాడూ ఇంజను విప్పిన పాపాన పోలేదు.

ఒకసారి ఒక ఎస్సై జీపు తెచ్చి, క్లచ్చు ప్లేట్లు నెల తిరక్కుండా అరిగిపోతున్నాయని విసుక్కున్నాడు. ఓదెలు జీపు వంక చూడలేదు, ఎస్సై బూటు వంక చూశాడు. "క్లచ్చు మీద కాలు వెట్టి కూసుంటవా సార్? అది క్లచ్చు అనుకున్నవా, పీట అనుకున్నవా?" అన్నాడు. ఎస్సై తన కాలును కొత్తగా చూసినట్టు చూసుకుని, ప్లేట్లు మార్పించుకుని, ఎడమకాలు సీటు కిందికి ముడుచుకుని వెళ్లిపోయాడు.

అటువంటి ఓదెలు దగ్గరికి తొంభైతొమ్మిది ఎండాకాలంలో ఒక సోమవారం బుల్లిబాబు ఏడుపు ముఖంతో వచ్చాడు.

బుల్లిబాబుది తణుకు దగ్గర పల్లె. మాదాపూర్ గుట్టలు పగలగొట్టి గుండ్రటి అద్దాల మేడ లేపిన మరుసటి ఏడు, పదమూడేళ్ల వయసున్న పెట్రోలు వ్యాను కొని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి కిరాయికి పెట్టాడు. మెహదీపట్నంలో తొమ్మిదిమందిని ఎక్కించుకుని కంపెనీ గేటు దగ్గర దించడం, సాయంత్రం తిరిగి చేర్చడం అతని పని. పెట్రోలును కంపెనీయే పోయిస్తుంది. నాలుగు నెలల కింద వ్యానుకు వణుకు పట్టుకుంది. పరుగెత్తేటప్పుడు బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది. ప్రియదర్శిని అనే ప్రోగ్రామరు నాలుక కరుచుకుంటానేమోనని వ్యాను ఆగినప్పుడల్లా మాట మధ్యలో ఆపేసేది. బుల్లిబాబు తనకు తోచిన చిట్కా ఏదో చేస్తే వణుకు సగానికి తగ్గింది గానీ దాహం మొదలైంది. లీటరుకు పదమూడు కిలోమీటర్లు నడిచే వ్యాను ఏడుకు దిగింది.

ఈ సంగతి కంపెనీలో రవాణా చూసే రామ్మోహనరావు కంట పడింది. ఆయన ముప్పై ఏళ్లు సర్కారు ఫైళ్లలో గడిపి రిటైరై ఇక్కడ చేరాడు. 'నిజాయితీయే నిజమైన ఐశ్వర్యం' అని రాయించి, చట్రం కట్టించి, కుర్చీ వెనక తగిలించుకున్నాడు. అలాంటి చట్రం కింద కూర్చునేవాళ్లకు ఎదుట నిలబడ్డవాళ్లంతా దొంగల్లా కనిపించడం లోకసహజం.

ఆ సోమవారం పొద్దున ఆయన గేటు దగ్గరికి వచ్చి, పదకొండుమంది డ్రైవర్ల ముందు, "సగం పెట్రోలు ఎక్కడ అమ్ముతున్నావయ్యా? శనివారంలోగా నువ్వే ఒప్పుకుంటే మర్యాద. లేకపోతే నీ వ్యాను ఈ గేటు దాటదు" అన్నాడు. కిరాయి పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. దొంగ అన్న మాట పదకొండు నోళ్లలో పడ్డాక ఈ ఊళ్లో ఏ గేటు తెరుచుకుంటుంది?

ఓదెలు వణుకుతున్న వ్యానును చూసి, ఇది బండా, పూనకమొచ్చిన శివసత్తా అని మొదలుపెట్టి, బుల్లిబాబు మూడు తరాలను పలకరించి, అప్పుడు సీటెత్తి ఇంజను మీదికి వంగాడు. ఒక్కొక్క ప్లగ్గు వైరే పీకి చూశాడు. పీకినప్పుడల్లా ఇంజను కుంటింది. అంటే అన్ని సిలిండర్లూ పని చేస్తున్నాయి. ప్లగ్గు విప్పితే కాటుక డబ్బాలో ముంచినట్టుంది. తర్వాత కళ్లు మూసుకుని, ఎక్కడో వెనక వేలు నొక్కి పట్టాడు. ఇంజను ఒక్క క్షణం బుద్ధిగా నడిచింది. ఓదెలు తలెత్తి డాష్‌బోర్డు వైపు ఒకసారి, బుల్లిబాబు వైపు ఒకసారి చూశాడు.

"సమజైంది" అని పానా అందుకున్నాడు.

ఆ సంతోషంలో బుల్లిబాబు గేటు దగ్గర జరిగిందంతా చెప్పేశాడు. త్వరగా చేసి పెట్టమని, శనివారం గడువని బతిమాలాడు. ఓదెలు పానా కింద పెట్టాడు.

"అయితే చెయ్య."

"మతి పోయిందాండీ ఓదెలుగారూ మీకు?"

"చెయ్యనంటే చెయ్య. గిట్లనే నడుపు." అంటూ సీటు దించి, ఇనుప తీగతో కట్టి, ముడి మీద ఎర్రరంగు పూశాడు. ఆ ముడి ఎవరు విప్పినా, బుల్లిబాబే విప్పినా, మళ్లీ తన షెడ్డు దిక్కు రావద్దన్నాడు.

బుల్లిబాబు ఒళ్లు మండిపోయింది. రోగం తెలిసి మందు ఇవ్వని వైద్యుణ్ణి ఏమనాలి? వేరే మెకానిక్ దగ్గరికి పోదామనుకున్నాడు గానీ ఆ ఎర్రముడి కోర్టువాళ్లు వేసిన సీలులా భయపెట్టింది. మంగళవారం, బుధవారం గేటు ముందు వ్యాను యథాప్రకారం వణికింది. రామ్మోహనరావు కిటికీలోంచి చూసి తల పంకించాడు.

గురువారం ఇంకా ఘోరం జరిగింది. ఓదెలు నూనె మరకల చొక్కాతో రామ్మోహనరావు గదిలోంచి బయటికి వస్తూ కనిపించాడు. లోపల ఏమన్నాడో కాపలావాడు విని చెప్పాడు: "దొంగను మంచిగ పట్టిండ్రు సార్. దొంగతనం ఎట్లయితుందో శనివారం కండ్లార సూపిస్త, రండ్రి."

బుల్లిబాబు షెడ్డుకు పోయి, బతుకులో మొదటిసారి ఒక మనిషిని తిట్టాడు. నమ్మకద్రోహి అన్నాడు, శత్రువు పక్షాన చేరావన్నాడు. అలవాటు లేని పని కావడంతో మధ్యలో రెండుసార్లు 'అండి' దొర్లింది. ఓదెలు చివరిదాకా శ్రద్ధగా విని, "గొంతుకెల్లి వస్తున్నది. కడుపులకెల్లి రావాలె. సాధన జెయ్యి" అన్నాడు.

శనివారం రామ్మోహనరావు స్వయంగా బంకుకు పోయి, ఓదెలు చెప్పినట్టే రెండు లీటర్ల పెట్రోలు కొనుక్కుని వచ్చాడు. మైలేజీ తేల్చడానికి షెడ్లలో ఒక పరీక్ష ఉంది: ట్యాంకు నుంచి వచ్చే పైపు పీకి లీటరు సీసాలో ముంచి, బండి ఆగేదాకా నడపడం. ట్యాంకు ఎన్ని కబుర్లయినా చెబుతుంది, సీసా చెప్పదు. ఆ సీసాను ముందు సీట్లో కూర్చున్న రామ్మోహనరావు చేతికే ఇచ్చాడు ఓదెలు. ఆయన దవాఖానలో గ్లూకోజు సీసా పట్టుకున్న బంధువులా బిగుసుకుని కూర్చున్నాడు.

"వంచకుండ్రి సార్, పిల్లకు పాలు వడ్తున్నరా?" అని దారిపొడుగునా ఆయనకూ తిట్లు తప్పలేదు.

గచ్చిబౌలి దాటి, నానక్‌రామ్‌గూడ దాటి, బండరాళ్ల మధ్య నిర్మానుష్యమైన చోట వ్యాను ఎగిరిపడి ఆగింది. సీసా ఖాళీ. మీటరు సరిగ్గా ఏడు కిలోమీటర్లు చూపించింది. చుట్టూ పెట్రోలు కొనేవాడు కాదు గదా, కాకి కూడా లేదు. రామ్మోహనరావు సీసాను ఎండకు ఎత్తి చూశాడు, తలకిందులు చేసి చూశాడు.

"మరి పెట్రోలు ఏమైందంటావ్?" అన్నాడు మెల్లగా.

ఓదెలు ముడి తెంచి, సీటెత్తి, చూపుడువేలంత రబ్బరు గొట్టం ఊడబీకాడు. దానికి చీలిక ఉంది. అందులోంచి దొంగగాలి జొరబడి, బండి ఆగినప్పుడల్లా ఇంజనుకు ఎగశ్వాస వస్తోంది. తర్వాత డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి, చోక్ బుడిపె వెనక నుంచి ఒకటి లాగి రామ్మోహనరావు అరచేతిలో పెట్టాడు. బట్టలారేసే నీలంరంగు క్లిప్పు.

"దొంగ దొరికిండు సార్."

చోక్ అనేది పొద్దున చల్లటి ఇంజనును లేపడానికి కాసేపు ఎక్కువ పెట్రోలు పట్టించే ఏర్పాటు. వణికి ఆగిపోకుండా బుల్లిబాబు దాన్ని సగం లాగి, వెనక్కి పోకుండా ఈ క్లిప్పు బిగించాడు. అంటే నాలుగు నెలలుగా జ్వరానికి మందు వేయకుండా రోగికి రోజంతా విందు భోజనం పెడుతున్నాడు. చేసిన సంగతి కూడా మరిచిపోయాడు. ఇప్పుడు ఆ క్లిప్పును చూస్తే భూమి చీలితే బాగుండుననిపించింది.

కొత్త గొట్టం పడింది, ప్లగ్గులు గరుకు కాగితంతో తళతళలాడాయి, చోక్ లోపలికి పోయింది. వ్యాను నిలబడ్డచోట పిల్లిలా గురకపెట్టింది. రెండో లీటరు పుప్పాలగూడ దాటించి, కోకాపేట దాటించి, గండిపేట నీళ్లు కనిపించేదాకా లాక్కుపోయింది. పదమూడు.

తిరుగుదారిలో బుల్లిబాబు ఉండబట్టలేక అడిగాడు, ఇదేదో సోమవారమే చేసి ఉంటే ఇంత నరకం తప్పేది కదా అని.

"సోమవారమే జేస్తే మంగళవారం నుంచే పదమూడు ఇస్తుండె. ఈ సారు ఏమంటుండె? దొరికిపోంగనే దొంగ భయపడి అమ్ముడు బంద్ వెట్టిండంటుండె. బండి బాగయితుండె, నువ్వు పాడయితుంటివి. నీకు జెప్తే నీ ముఖం సూసి అందరికీ ఎరుకైతుండె."

వెనక సీటుకు మారిన రామ్మోహనరావు కిటికీలోంచి బండరాళ్లను చాలా శ్రద్ధగా పరిశీలించసాగాడు. కంపెనీ దగ్గరపడ్డాక, బుల్లిబాబును తన గదికి రమ్మని, టీ తాగుతూ మాట్లాడుకుందామని అన్నాడు.

"గదిల గాదు సార్" అన్నాడు ఓదెలు. "మీరు ఈని పరువు తీసుకున్నది గేటు కాడ. ఇచ్చుడు గూడ ఆడ్నే ఇయ్యాలె."

గేటు ముందు సాయంత్రం ట్రిప్పుకు పదకొండు వ్యాన్లూ వరుసగా నిలిచి ఉన్నాయి. రామ్మోహనరావు దిగి, గొంతు సవరించుకుని, "బుల్లిబాబు దొంగ కాదు. పొరపాటు నాదేనండి" అన్నాడు. డ్రైవర్లు నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఒకడు వచ్చి బుల్లిబాబు జేబులోకి బీడీకట్ట తోసి పోయాడు.

బుల్లిబాబు ఓదెలు నూనె చేతులు రెండూ పట్టుకున్నాడు. ఓదెలు విదిలించుకున్నాడు.

"ఆ గొట్టం నాలుగు నెలల సంది పాము లెక్క బుస్సుమంటుంటే నీకు ఇనవడలే. నువ్వు దొంగవు గాదు, చెవిటోనివి. గా మాట గూడ గేటు కాడ చెప్పుమందునా సారును?"