బాలూ అని పిలవకూడని కొండ

ఆ రోజుల్లో నేను ఏ బరువైనా మోయగలననుకునేవాణ్ణి. హిందీ మాట్లాడే ఊళ్లో, కార్ఖానాలో కొత్తగా ఇంజనీరుని, అంతకన్నా కొత్తగా తండ్రిని. అందుకే పాకే వయసు కొడుకుని గుండెలకి కట్టుకుని దల్మా కొండ ఎక్కుతానని ప్రకటించాను. వాడి పేరు బాలకృష్ణ, ఇంట్లో బాలు. భాలుబాసాలో మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు "కొండమీద ఎలుగుబంట్లున్నాయంట గదా అల్లుడుగారూ, చంటోడ్ని అట్టుకెల్తారేటి?" అన్నారు. నేను వినే రకం కాదని తెలిశాక, పులిహోర కట్టుకుని ఆవిడే ముందు బయల్దేరారు.

గేటు దగ్గర ఫారెస్టు గార్డు అందరికీ ఒకటే పాఠం చెప్పాడు. భాలు (హిందీలో ఎలుగుబంటి) కనిపిస్తే "బచ్చే కో ఉఠావో, నీచే భాగో." పిల్లల్ని ఎత్తుకోవాలి, కిందికి పరిగెత్తాలి, అంతే. కాసిడీహ్ నుంచి పిక్నిక్‌కి వచ్చిన ఒక పసుపు స్వెటర్ ఆవిడ మరీ శ్రద్ధగా తలూపింది.

సగం కొండ ఎక్కాక దుప్పటి పరిచి, వాణ్ణి అత్తగారికి అప్పగించి, నేనూ మా ఆవిడా ఊరి పొగగొట్టాల్ని ఫోటో తీసుకోడానికి పక్కకెళ్లాం. అత్తగారు పులిహోర డబ్బా మూత తీసేలోపు వాడు పొదలవైపు పాకాడు. "బాలూ, బాలూ, తుప్పల్లోకి ఎలిపోతన్నాడు" అని కేక. కంగారులో ఆవిడకి జన్మలో పలకని వత్తు కూడా పలికి, బాలు కాస్తా భాలు అయ్యాడు. పక్క దుప్పటి మీద కూర్చున్న పసుపు స్వెటర్ ఆవిడ చటుక్కున లేచి, కనిపించిన పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి లంకించుకుంది. ఆ పిల్లాడు మావాడే. "బాలూ, బాలూ" అంటూ అత్తగారు వెంటపడ్డారు. ఈవిడ అరిచేకొద్దీ ఆవిడ వేగం పెంచింది.

నేను తిరిగి చూసేసరికి దుప్పటి ఖాళీ, నలువైపులా భాలు భాలు అని అరుపులు. నా పైప్రాణం పైనే పోయింది. మా ఆవిడ అరుపుల వెంట కిందికి పరిగెత్తింది, నేను డబ్బా మూత పట్టుకుని, ఎలుగుతో తేల్చుకుందామని తుప్పల్లోకి దూకాను. (అక్కడ నాతో పోరాడింది రేగుముళ్లు ఒక్కటే.) చివరికి కిందనుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "ఏవండీ, పిల్లోడు ఇక్కడే ఉన్నాడు, రండి."

గేటు దగ్గర ఆ మహాతల్లి ఆయాసపడుతూ "మాజీ, భాలు కిధర్ హై?" అని అడుగుతోంది, ఎలుగు ఎక్కడమ్మా అని. అత్తగారు తనకొచ్చిన హిందీలో "తుమారా గోదీమే హై" అన్నారు. మీ ఒళ్లోనే ఉన్నాడని. ఒళ్లోవాడు ఆవిడ స్వెటర్ గుండీ చప్పరిస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఆవిడకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

ఈ చలికాలం మళ్లీ వెళ్లాం. ఇప్పుడు వాడు నా భుజం దాకా వచ్చాడు, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు. ముందు వాడు, వెనక రొప్పుతూ నేను. బాలకృష్ణా అని పిలిస్తే తిరగలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లిగా "బాలూ" అన్నాను. గబగబా దిగొచ్చి, నన్ను ఎగాదిగా చూసి "పాపా, ఉఠాకే నీచే లే జావూఁ?" అన్నాడు. నాన్నా, ఎత్తుకుని కిందికి దించమంటావా అని.

పోరా అన్నాను. నాలుగడుగులు వేశాక సంచీ మాత్రం ఇచ్చాను.