మొవ్వు తెగిన ముదీరా

తైబాకి డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళు రెండూ ఆమె మాట వినడం మానేశాయి. ఆమె అసలు ఎవరి మాటా వినే మనిషి కాదు కాబట్టి మోకాళ్ళను తప్పుపట్టడానికి లేదు.

అరబ్బుల ఊరు ముహర్రఖ్‌లో మసీదుకు వెళ్ళే సందులో వాళ్ళ ఇల్లు. ఆ ఇంటికంతటికీ మంచి గది మజ్లిస్, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే గది. మజ్లిస్‌కంతటికీ మంచి చోటు తూర్పు కిటికీ. ఆ చోటు మనుషులది కాదు, ఇరవై మూడు ఆర్కిడ్ కుండీలది. వాటిలో ఒక్కటీ కొన్నది కాదు. అన్నీ జనం పారేసినవే.

ఆడపిల్లల బళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళు ఆయాగా చేసింది తైబా. తను చదివింది మూడో తరగతి. ఊడ్చింది మాత్రం అన్ని తరగతులూ. ఆ బడి హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం మానే రోజున ఎవరో బంగారు రంగు కుండీలో తెల్ల ఆర్కిడ్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ దాన్ని ఇంటికి తీసుకెళ్ళడం మరిచిపోయింది. రెండు నెలలకు పూలు రాలాయి. కొత్తగా వచ్చినావిడ చెత్తబుట్ట వైపు వేలు చూపించింది. తైబా మొక్కను ఒంటి మీది నల్ల అబాయా కింద దాచుకుని ఇంటికి నడిచింది.

"పూలు రాలితే చచ్చినట్టేనా? అలాగైతే నేను ముప్ఫయ్యేళ్ళ క్రితమే చచ్చాను" అంది మొగుడితో.

ఆ మొక్కకు ముదీరా అని పేరు పెట్టింది. హెడ్మిస్ట్రెస్‌ని అక్కడ అలాగే పిలుస్తారు. అది మొదలు, ఎక్కడ పెళ్ళయినా మర్నాడు ఆ హాలు వెనకా, కాన్పుల ఆసుపత్రి మెట్ల దగ్గరా తైబా కళ్ళు వెతుకుతూనే ఉండేవి. వచ్చిన ప్రతిదానికీ అది వచ్చిన చోటును బట్టి ఒక పేరు. పెళ్ళికూతురు, కవలలు, బ్యాంకు మేనేజరు. అసలు పెళ్ళికూతురు ఎనిమిది నెలలకే మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. మొక్క మాత్రం తైబా దగ్గర పదకొండేళ్ళుగా కుదురుగా కాపురం చేస్తోంది.

మొగుడు పోయాడు. బడి మానేసింది. ముదీరా ఉంది. దాని వయసిప్పుడు పందొమ్మిది.

అయితే ఆగస్టు ఉంది చూశారూ, అది అందరికీ ఒకటే ఆగస్టు కాదు. సముద్రం మీంచి కౌస్ అనే తేమగాలి మొదలైతే గుమ్మం దాటగానే కళ్ళద్దాలు పొగచూరినట్టయిపోతాయి, ఆరేసిన బట్ట సాయంత్రానికి ఉతికినప్పటికంటే తడిగా ఉంటుంది. పోయిన ఆగస్టులో మూడు మొక్కలు కుళ్ళాయి. మజ్లిస్‌లో చచ్చిన చేప వాసన వేసింది. కొడుకు రాషిద్ ఆఫీసు నుంచి ఎవరినో పిలుచుకొచ్చిన రోజే వేసింది.

అందుకే ఈసారి కొత్త సోఫాలు దించగానే రాషిద్ షరతు పెట్టాడు.

"యుమ్మా, ఈ వేసవిలో ఒక్క కుండీ కుళ్ళినా సరే, ఇరవై మూడూ మేడ మీదికి పోతాయి."

ఆగస్టులో మేడ మీద పిల్లులు కూడా నడవవు. అక్కడ పెట్టడమంటే చంపడమే. అది తల్లికీ తెలుసు, కొడుక్కీ తెలుసు.

"సరే" అంది తైబా. "కుళ్ళితే కదా! రాసి గోడకు తగిలించుకో."

ఇక మొదలైంది యుద్ధం. కానుకలుగా వచ్చిన బంగారు కుండీలకు అడుగున చిల్లి ఉండదు. లోపల తడి నాచు కుక్కి ఉంటుంది. వాటన్నిటినీ వీధిలో పెట్టేసింది. జ్యూస్ కొట్టు నుంచి ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, కబాబ్ కాల్చే చువ్వను పొయ్యి మీద ఎర్రగా కాల్చి, చుట్టూ చిల్లులు పొడిచింది. నాచు పారేసి, చెట్టు బెరడు ముక్కలూ బొగ్గు ముక్కలూ కలిపి నింపింది. డబ్బాలోంచి వేళ్ళు కనిపిస్తాయి. వెండిలా తెల్లబడితే దాహమేసినట్టు. పచ్చగా ఉంటే కడుపు నిండినట్టు. కడుపు నిండినదానికి ఎవరైనా నీళ్ళు పోస్తే తైబా చేతిలో అయిపోయినట్టే.

నీళ్ళు తెల్లవారుజాము నమాజు అయ్యాకే. ఒక్కో డబ్బానూ సింకులో నానబెట్టి, ఎత్తి, చివరి చుక్క కారేదాకా అలాగే పట్టుకుని నిలబడేది. ఆకుల మధ్య మొవ్వులో చుక్క నిలిచిందా, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు తువ్వాలు కొస మెలితిప్పి పీల్చేసేది. మొవ్వులో తడి సాయంత్రానికి ఆరకపోతే కుళ్ళుతుందని ఆమె గట్టి నమ్మకం. అది నిజం కూడా.

ఏసీ దగ్గర ఇంకో గొడవ. గదిలో మనుషులు లేకపోతే ఆపేయాలని రాషిద్ రూలు. ఆపిన గంటకే గది ఆవిరి స్నానాల హమామ్‌లా ఉక్కపోసేది. తైబా బడి సామాన్ల గది నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పాత ఫ్యాను తీసి కిటికీ ఎదురుగా పెట్టింది. రాత్రీ పగలూ అది తల తిప్పుతూ, కటకటమంటూ తిరిగేది.

"అత్తయ్యా, సోఫాలో ఉన్న మాకు గాలి లేదు గానీ మొక్కలకు ఫ్యానా?" అంది కోడలు దలాల్.

"మీకు కాళ్ళున్నాయి కదే. లేచి ఇటొచ్చి కూర్చోండి."

అలా జూన్ గడిచింది. జూలై గడిచింది. ఒక్క ఆకు మెత్తబడలేదు. తైబా రోజూ పొద్దున రాషిద్ కాఫీ తాగే వేళకు మజ్లిస్‌లోకి వెళ్ళి, అందరికీ వినపడేలా "ఇరవై మూడు!" అని అరిచి వచ్చేది.

ప్రతి మంగళవారం నాలుగింటికి ఆడపడుచు మూజా వస్తుంది. రెండిళ్ళ అవతలే ఉంటుంది. వచ్చేటప్పుడు ఖర్జూరాలు తెస్తుంది, వెళ్ళేటప్పుడు కబుర్లు తీసుకెళ్తుంది. ఆగస్టు మొదటి మంగళవారం ఆమె ముదీరా ముందు ఆగిపోయింది.

"అబ్బ! ఏం ఆకులు వదినా! ఒక్కోటీ అరచెయ్యంత మందం! మా ఇంట్లో మగపిల్లలకు కూడా ఇంత కండ లేదు."

తైబా ఆగింది. మూజా ఇంకేమీ అనలేదు.

"మిగతాది కూడా అను" అంది తైబా.

"ఏం మిగతాది?"

"ఏం లేదు. కాఫీ తాగు."

మిగతాది అంటే మాషాఅల్లా, అంతా దేవుడి చలవ అని. మెచ్చుకుని ఆ మాట అనకపోతే దిష్టి. ఎప్పుడూ ఆ మాట మరవని మూజా ఆ రోజు దాన్ని మింగేసింది.

ఆదివారం పొద్దున చూస్తే ముదీరా అడుగు ఆకు పసుపుపచ్చగా ఉంది.

అడుగు ఆకు ముసలిదై పండితే కంగారు పడక్కర్లేదని ముహర్రఖ్‌లో సగం మందికి చెప్పింది తైబానే. ఫోన్లు చేసి అడిగినవాళ్ళను తిట్టి మరీ చెప్పింది. కానీ పండింది ఎవరి ఆకు? ముదీరాది. తెలిసినదంతా ఆ పసుపు చూడగానే తలలోంచి ఎగిరిపోయింది. దిష్టికి విరుగుడు అందరికీ తెలిసిందే: పెట్టినవాళ్ళు తాగిన కప్పు కడిగి, ఆ నీళ్ళు తగిలినవాళ్ళ మీద చల్లాలి. రాషిద్‌కు నాలుగేళ్ళప్పుడు అలాగే జ్వరం దిగింది.

మంగళవారం మూజా రెండు కప్పుల కాఫీ తాగి, ఇక చాలన్నదానికి గుర్తుగా కప్పు ఆడించింది. తైబా దాన్ని అందుకుని మెల్లగా అబాయా పొడుగు చేతి లోపలికి జార్చేసింది. మూజా వెళ్ళగానే వంటింట్లో కప్పు కడిగి, ఆ నీళ్ళు తెచ్చి, తిన్నగా ముదీరా మొవ్వులో పోసింది. సాయంత్రం ఐదింటికి. ఆగస్టులో. మందు ఆరిపోకూడదని ఫ్యాను కూడా ఆపేసింది.

చుక్క నీటిని తువ్వాలు కొసతో పీల్చే మనిషి చేసిన పని అది.

శుక్రవారం పొద్దున నడిమి ఆకు మొదట్లో గోధుమరంగు కనిపించింది. వేలితో తాకింది. ఉడికిన ఉల్లిపాయ పొరలా ఆకు ఊడి చేతిలోకి వచ్చేసింది. వాసన చూసింది. చూడకపోయినా తెలుస్తూనే ఉంది.

ఏడవలేదు. రాషిద్ గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని వంటింటి పొయ్యి దగ్గరికి వెళ్ళి మంటలో కాల్చసాగింది. అప్పుడే రాషిద్ వచ్చాడు.

"యుమ్మా, నా బ్లేడుతో ఏం చేస్తున్నావు?"

"గడ్డం గీసుకుంటున్నాను. అడ్డు లే."

బ్లేడు చల్లారాక మజ్లిస్‌కు వెళ్ళింది. రాషిద్ వెనకే వెళ్ళాడు. అతని కళ్ళ ముందే ముదీరా మొవ్వు కోసింది. మచ్చ కనిపించినంత మేరా కోసింది. ప్రతి కోతకూ బ్లేడు తుడుస్తూ, పచ్చటి గట్టి కండ తగిలేదాకా కోసింది. చివరికి మొక్కకు తల లేదు, పక్కన మూడు ఆకులు మిగిలాయి. టీలోకి దంచి పెట్టుకున్న దాల్చినచెక్క పొడి తెచ్చి గాయం నిండా అద్దింది.

"కుళ్ళింది కదా" అన్నాడు రాషిద్.

"కుళ్ళింది."

అబద్ధమాడుతుందనుకున్నాడేమో, ఒకసారి తల్లి ముఖంలోకి చూశాడు. "మరి మాటంటే మాట" అన్నాడు.

"మాటంటే మాటే. ఎత్తు. దీంతోనే మొదలుపెట్టు."

రాషిద్ పెద్ద పళ్ళెంలో ముదీరాతో పాటు ఇంకో ఐదు కుండీలు పెట్టుకుని మెట్లెక్కాడు. దించి వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద చప్పుడు. తల్లి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మెట్టు మెట్టుకూ ఈడ్చుకుంటూ, మోకాళ్ళను తిట్టుకుంటూ ఎక్కి వస్తోంది.

"నువ్వెందుకొచ్చావు?"

"కుళ్ళబెట్టింది మొక్క కాదు, నేను. గదిలోంచి పోవాల్సింది నేను. పోయాను." కుర్చీ వేసుకుని, ముదీరాకు తన నీడ పడేలా కూర్చుంది. ఈతాకుల విసనకర్ర తీసి విసరడం మొదలుపెట్టింది. తనకు కాదు, ముదీరా గాయానికి.

"యుమ్మా, పది దాటింది. చచ్చిపోతావు!"

"కుండీల మీద లేని జాలి నా మీదెందుకు? పో. ఇంకా పదిహేడున్నాయి కింద."

దలాల్ తడి తువ్వాలు తెచ్చింది. తైబా దాన్ని తల మీద వేసుకుంది గానీ లేవలేదు. రాషిద్ విసిగి మేనత్తకు ఫోను చేశాడు. మూజా రొప్పుతూ ఎక్కి వచ్చింది.

"ఏమైంది వదినా? ఎండకు మతి పోయిందా?"

"మతి మంగళవారమే పోయింది. నువ్వు తాగిన కప్పు కడిగి దీని నెత్తిన పోశాను. నువ్వు దిష్టి పెట్టావనుకున్నా."

మూజా ముక్కు మీద వేలేసుకుంది. "నా దిష్టా? నలభై ఎనిమిదేళ్ళ నుంచి నీ చేతి కాఫీ తాగుతున్నాను, నా కళ్ళ మీద నీకున్న నమ్మకం ఇదా?"

"నీ కళ్ళు దాన్నేం చేయలేదు. నా నీళ్ళే కుళ్ళబెట్టాయి. ముహర్రఖ్‌లో అందరికీ చెప్పుకో పో. తైబాకి చిన్నపిల్లకున్న బుద్ధి లేదని చెప్పు. కానీ ఇది చావలేదు. ఇటొచ్చి వాసన చూడు."

మూజా వంగి వాసన చూసింది. "దాల్చినచెక్క" అంది.

"మరి కుళ్ళు వాసన ఏదీ?"

మూజా నడుం మీద చేతులేసుకుని నిలబడింది. తర్వాత నీళ్ళ తొట్టె పక్కనున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "కాఫీ తాగింది నేను కదా! శిక్షలో నాకూ వాటా ఉంది. ఆ విసనకర్ర ఇటివ్వు."

అప్పటికి పదకొండు దాటింది. శుక్రవారం. సందంతా తెల్ల దుస్తుల మగవాళ్ళు మసీదుకు నడుస్తున్నారు. మేడ పిట్టగోడ మీంచి రెండు నల్లటి తలలు కనిపించేసరికి ఒకాయన ఆగి, తైబాను కొడుకు పేరుతో పిలిచాడు.

"ఉమ్ రాషిద్! ఈ ఎండలో మేడ మీద ఏం చేస్తున్నారమ్మా? క్షేమమేనా?"

"క్షేమమే!" అని కేకేసింది తైబా. "మా అబ్బాయి పెట్టిన చోటే ఉన్నాం!"

ఆయన వెనక ఇంకో నలుగురు ఆగారు. అందరూ తలలెత్తి చూశారు. తర్వాత, స్నానం చేసి, అత్తరు రాసుకుని, ఇస్త్రీ బట్టల్లో మసీదుకు బయల్దేరి గుమ్మంలో నిలబడ్డ రాషిద్ వైపు చూశారు.

రాషిద్ మళ్ళీ మెట్లెక్కాడు. చంకల్లో చెమట పట్టేదాకా ఆరు కుండీలనూ తనే కిందికి మోశాడు.

"ఫ్యాను?" అంది తైబా కుర్చీలోంచి కదలకుండా.

"ఉంటుంది."

"ఏసీ?"

"ఆపం. లే యుమ్మా, కాళ్ళు పట్టుకుంటాను, లే!"

లేచింది. దిగేటప్పుడు మోకాళ్ళు ఎంత ఏడ్చినా వాటి గోడు వినలేదు.

పది రోజులు ముదీరాకు చుక్క నీరు ఇవ్వలేదు. ఫ్యాను గాలి మాత్రం ఆగలేదు. గాయం ఎండి గట్టి పెచ్చు కట్టింది. తైబా దాన్ని కిటికీ మూలన దాచలేదు. కొత్త సోఫాల ముందు, ఖర్జూరాల పళ్ళెం పక్కనే పెట్టింది. మూడాకులు, మధ్యలో దాల్చినచెక్క రంగు మొండెం. చూసిన వాళ్ళందరూ ఇదేంటని అడిగేవారు.

"నా తెలివితక్కువతనం. బాగా చూసుకోండి" అనేది.

"మొవ్వు పోయాక ఇంకేం బతుకుతుంది అత్తయ్యా?" అంది దలాల్ ఒకసారి.

"బతకకపోతే నేనే పారేస్తాను. అప్పటిదాకా నోరు మూసుకో."

అక్టోబరులో గాలి మారింది. ఒక పొద్దున తైబా ఇంకా వంటింట్లోనే ఉంది. మజ్లిస్‌లోంచి రాషిద్ కేక వినిపించింది.

"యుమ్మా! అడుగున, వేళ్ళ దగ్గర, పెసరగింజంత పచ్చగా ఏదో ఉంది! పిలకేనా?"

అంటే రోజూ దొంగచాటుగా చూస్తున్నాడన్న మాట. తైబా వెళ్ళింది, వంగింది, చూసింది. మొవ్వు పోతే పోయింది, పక్కనుంచి వస్తానంది ముదీరా.

"మాషాఅల్లా అను ముందు" అంది కొడుకుతో.

"మాషాఅల్లా."

"ఇప్పుడు దూరం జరుగు. నీ ఊపిరి తడి తగులుతుంది దానికి."

మంగళవారం నాలుగింటికి మూజా వచ్చింది. పిలకను చూసి, సందు చివరిదాకా వినపడేలా మూడుసార్లు మాషాఅల్లా అంది. కాఫీ తాగింది. కప్పు ఆడించింది. తైబా చెయ్యి చాపితే ఇవ్వలేదు. తనే వంటింట్లోకి నడిచి, తనే కడిగి, ఆ నీళ్ళు మొత్తం సింకులో పోసి, బోర్లించిన కప్పును తైబా ముక్కు కింద పెట్టింది.

"చూసుకో వదినా. చుక్క లేదు."