బుగ్గలో ఏమున్నది

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజమని నా తల మీద నేనే చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నా తలే ఎందుకంటే, ఒట్టు వేయబోతే సూర్యాపేటలో ఎవరూ నాకు తమ తల ఇవ్వడం లేదు.

మొన్న చివ్వెంల దగ్గర మా చెల్లె సుజాత పాఠాలు చెప్పే బడికి వెళ్లాను. చిన్న తరగతుల పిల్లల కోసం ఆమె బొమ్మల కథల పుస్తకాలు తెప్పించింది. అట్టపెట్టె విప్పే పని నా మీద పడింది. విప్పగానే మందుల షాపులో అడుగుపెట్టినట్టు కొత్త రంగుల వాసన గుప్పుమంది. బాగానే ఉంది కానీ, నా ముక్కు అందులో ఇంకేదో వెతుక్కుంది. డీజిల్, వేయించిన బఠానీలు, ఎవరో ఒలిచి పారేసిన బత్తాయి తొక్క. నాకు చదువు నేర్పిన బొమ్మల పుస్తకాల దగ్గర ఆ వాసన వచ్చేది.

మా నాయిన బస్సు కండక్టర్. కొన్నాళ్లు మిర్యాలగూడ రూటు, కొన్నాళ్లు కోదాడ రూటు. ప్రయాణికులు సీట్ల మీద మరిచిపోయిన బొమ్మల పుస్తకాలను, ఎవరైనా అడగడానికి వస్తారేమోనని తన డ్యూటీ పెట్టెలో కొన్ని రోజులు మోసుకు తిరిగి, ఎవరూ రాకపోతే ఇంటికి తెచ్చేవాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన వాటి మడతల్లో రైస్ మిల్లుల ఊక నలుసులుండేవి, కోదాడ నుంచి వచ్చిన వాటి అట్టల మీద గుండ్రటి టీ మరకలుండేవి. కళ్లకు గంతలు కట్టినా వాసన చూసి ఏది ఏ రూటుదో చెప్పేవాణ్ని. ఒక్క పుస్తకానికీ ఆఖరి పేజీ ఉండేది కాదు. దాంట్లో బఠానీలు పొట్లం కట్టించుకుంటారని నాయిన అనుమానం. అందువల్ల మా ఇంట్లో ఏ రాజకుమారుడూ ఏ రాక్షసుణ్నీ పూర్తిగా చంపలేదు. నాకు తెలిసిన రాక్షసులంతా ఇప్పటికీ క్షేమంగా ఉన్నారు.

వానాకాలం సాయంత్రాలు చూరు కింద గోనెసంచి పరుచుకుని, కాల్చిన మక్కకంకులు కొరుకుతూ ఆ పుస్తకాలు చెల్లెకు చదివి వినిపించేవాణ్ని. గాజు గోటీలు ఆడే వాడకట్టు పిల్లలు ఆట ఆపి వచ్చి వినేవాళ్లు. చిక్కల్లా ఒకటే, నాకు చదవడం రాదు. రెండో తరగతి వాచకం మొత్తం నోటికి వచ్చు. సార్ మొదటి మాట అందిస్తే బ్రేకులు పోయిన లారీలాగా ఆఖరి వాక్యం దాకా పోయి ఆగేవాణ్ని. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం నాకూ దానికీ పరిచయం ఉండేది కాదు. ఇంట్లో బొమ్మలు చూసి కథ అల్లేవాణ్ని. ఈనాడు నేను కథలు రాసే విద్యకు అదే మొదలు.

ఒకరోజు సార్ మధ్యలోనే వేలు పెట్టాడు. నేను పాఠం మొదటి మాట నుంచి మళ్లీ ఎత్తుకున్నాను.

"ఎండాకాలం సెలవులలోపు సూసి సదవకపోతే నిన్ను మళ్ల గీడ్నే కూసోవెడ్త. వచ్చే యేడు మీ చెల్లె గూడ ఇదే క్లాసుకొస్తది. ఇద్దరికి ఒక్క పలక తెచ్చుకుంటే సాలు," అన్నాడు.

తరగతంతా నవ్వింది. దెబ్బలు తినమంటే తినేవాణ్ని. కానీ చెల్లె పక్కన, చెల్లె తరగతిలో, ఆమె జవాబు చెబుతుంటే గోడ వంక చూస్తూ కూర్చోవడం! ఆ రాత్రి అన్నం సయించలేదు. సయించకపోయినా రెండుసార్లు పెట్టించుకున్నాను, అది వేరే సంగతి.

దసరా సెలవుల్లో మా మేనత్త కోదాడ నుంచి వచ్చింది. బతుకమ్మ రోజు అరుగు నిండా తంగేడు, గునుగు పూల కుప్పలు. వంటింట్లోంచి నువ్వుల పొడి వాసన, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద వాసన. నేను మలీద ముద్ద నోట్లో పెట్టుకునే చెల్లెకు కథ చదువుతున్నాను. బొమ్మలో రాజు దొంగ మీదికి చెయ్యెత్తాడు. నేను రాజు చేత దొంగను, దొంగ తండ్రిని, ఆత్మకూరులోని వాడి మేనమామలను అందరినీ తిట్టించాను. చెల్లె బొమ్మలోకి తొంగి చూసింది.

"అన్నా, గింత బుగ్గల గన్ని మాటలు ఎట్ల పట్టినయే?"

మా దిక్కు బెలూన్‌ను బుగ్గ అంటారు. బొమ్మల్లో మనుషుల నోటి పక్కన మాటలు రాసి ఉండే తెల్లటి గుండ్రాలు అచ్చం బెలూన్లలా ఉంటాయి కనుక వాటినీ బుగ్గలే అనేవాళ్లం. నేను పేజీ తిప్పబోయేసరికి చెల్లె లేచి అత్త దగ్గరికి ఉరికింది.

"అత్తా, అన్న బుగ్గలున్నది సెప్తలేడు!"

ఏళ్ల తరబడి కోదాడలో ఉన్న అత్తకు బుగ్గ అంటే చెంపే. అత్త పూలు వదిలేసి వచ్చి నా దవడ పట్టుకుంది.

"ఏం దాచావురా బుగ్గలో? నోరు తెరువు!"

ఒక పక్క మలీద దొరికింది. నమ్మకం చాలక రెండో పక్కా వెతికింది. చెల్లె పుస్తకం చూపించి విడమరిచి చెప్పాక అత్త పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఒక గుండ్రం మీద వేలు పెట్టి, "సరే, ఇందులో ఏముందో చెప్పు," అంది. నేను గుండ్రం వదిలేసి రాజు మొహం చూశాను. అత్త నవ్వు ఆగిపోయింది.

"వాడు గడగడ సదువుతడు వదినా," అని అమ్మ అడ్డం వచ్చింది.

"అదేనమ్మా నా భయం," అంది అత్త.

ఆమె బొమ్మను అరచేత్తో కప్పి, మాటల గుండ్రం ఒక్కటే బయటికి ఉంచింది. కూడబలుక్కున్నాను. ఆ. గు. ఆగు! రాజుగారు అన్నది అంతే. ఆ కాస్త మాటకు నేను దొంగ బంధువులందరినీ బజారుకీడ్చాను.

అత్త వెళ్లిపోయాక ఆ పని చెల్లె తీసుకుంది. బొమ్మ మీద తన చెయ్యి; బుగ్గ చదివితేనే చెయ్యి తీస్తుంది. బతిమాలినా, గోటీలు ఇస్తానన్నా లాభం లేదు. బొమ్మ కోసం ప్రాణం కొట్టుకుంటుంటే అక్షరం ఎక్కడికి పోతుంది? ముందు ఫిరంగులు నేర్పాయి, ఢాం, ఢమాల్. ఆ తర్వాత ఏనుగులు, దయ్యాలు, పేదరాసి పెద్దమ్మలు. చలికాలం పోయేసరికి చెల్లె చెయ్యి తీయకముందే బొమ్మ నా కళ్లకు కట్టేది.

పరీక్షనాడు సార్ నా చేతిలో మూడో తరగతి వాచకం పెట్టాడు. నేనెన్నడూ వినని పాఠం. అందులో "అటు చూడు, వాన వస్తోంది" అని ఉంది. నేను ఒక్కో అక్షరం పట్టుకుని, "అటు సూడు, వానొస్తున్నది," అని చదివాను. పిల్లలు గొల్లుమన్నారు. నా కళ్ల ముందు చెల్లె పక్కన ఖాళీ జాగా కనిపించింది.

సార్ చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "బట్టీ పట్టినోడు చూడు అంటడు. అర్థమైనోడే సూడు అంటడు. పో, మూడో తరగతిల కూసో."

ఇప్పుడు ఆ పుస్తకాలు లేవు. బస్టాండులో వాటిని అమ్మిన బంకులో ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. బస్సులో అందరి చేతుల్లోనూ ఫోన్లే. వాటిని సీటు మీద మరిచిపోయేవాడు లేడు. నాయిన లేడు, అత్త లేదు.

మొన్న బడిలో ఒక చిన్నపిల్ల కొత్త పుస్తకం తెరిచి, "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఉన్నచోట "యాడికి పోతున్నవ్" అని చదివింది. కొత్తగా వచ్చిన పంతులమ్మ దిద్దబోయింది. సుజాత ఆపింది. "ఉండమ్మా. మా అన్న వాళ్ల సార్ ఒక మాట అన్నడు," అని మొదలుపెట్టి, ఆ మాట పొల్లు పోకుండా చెప్పింది. ఇన్నేళ్లుగా ఆమె బళ్లో ఎవరికి చదువు వచ్చిందో తేల్చేది ఆ మాటే.

ఆ ఒక్క మాటే నేను కల్పించింది. ఆ రోజు సార్ తలెత్తకుండా "పో, మూడో తరగతిల కూసో" అన్నాడు, అంతే. ఎందుకు పాస్ చేశాడో నాకు ఈనాటికీ తెలియదు. ఇంటికెళ్తే సార్ ఏమన్నాడని చెల్లె అడుగుతుంది కదా అని, మిగతాది దారిలో అల్లుకున్నాను. మొన్న నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే ఆ పిల్ల పేజీ తిప్పి, ముందుకు వంగి, తర్వాతి బుగ్గ చదువుతోంది.