కుడి పేజీలో అడవి

మా వీధిలో అందరూ ఆమెను బర్మా అత్త అనేవాళ్లు. యుద్ధం రోజుల్లో ఆమె, భర్త అక్కడ ఇల్లూ పొలమూ వదిలి పారిపోయారు. నాలుగు వానాకాలాల తర్వాత తిరిగి వెళ్తే ఇల్లు కనబడలేదట. అడవి కమ్మేసింది. ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు. తర్వాత చాలా ఏళ్లకు ఆ దేశం నుంచి పూర్తిగా వచ్చేయాల్సి వస్తే, అన్నగారి ఊరని మాచర్ల పక్కన మా ఊరు చేరింది.

"ఆడ అడవొచ్చిందని ఏడ్చా. ఈడ రావట్లేదని ఏడుస్తన్నా. నా బతుకు చూడవే!" అని నవ్వేది.

ఇద్దరం కలిసి కొండకు కట్టెలకు పోయేవాళ్లం. ఆమెది ఒకటే పట్టు. మొద్దును జానెడు ఎత్తు వదిలి, వాన నీళ్లు జారేటట్టు ఏటవాలుగా నరకాలి. వేళ్ల జోలికి పోకూడదు. మన వానలకు గింజ మొలిచి మాను కాదని, మొద్దు చిగురే దిక్కని అనేది. వాగు పక్కన తునికి మొద్దులున్న నేల చెక్క ఒకదాని చుట్టూ రాళ్లు పేర్చి, దాన్ని ముట్టుకోవద్దంది. అది మళ్లీ కమ్ముకోవడం తాను పోయేలోపు చూడాలని ఆమె ఆశ.

ఎనభైల మొదట్లో మా ఊళ్లో పెద్దల బడి పెట్టారు. నలభై దాటాక నేను అక్షరాలు దిద్దాను. కూడబలుక్కుని రాయడం రాగానే అత్త నా చేత నోటుపుస్తకం పెట్టించింది. ఎడమ పేజీ బర్మా, కుడి పేజీ మన కొండ. కొలతలు మనిషి ఒంటివే. అక్కడ వదిలేసిన పోడు చేలు ఎట్లా పెరిగేవో ఆమె చెబితే రాశాను: మొదటి ఏడు నడుము దాకా, రెండో ఏడు మనిషి మునిగేటంత, మూడో ఏడు దారి మూసుకుపోయింది. కుడివైపు, రాళ్లు పేర్చిన చెక్కలో మొదటి ఏడు చీలమండ. రెండో ఏడు మోకాలు.

"ఏమే సర్వేయరమ్మా, కొండకు పట్టా రాసిస్తన్నావా?" అని తోటి కట్టెలామె ఎకసెక్కం చేసింది.

"నీ పేరునే రాయిద్దాంలే. ముందు నా మొద్దు మీంచి లెయ్యి!" అన్నది అత్త.

మూడో ఏడు వానలు పడలేదు. అత్తకు కళ్లలో పొరలు వచ్చి కొండ ఎక్కడం మానేసింది. చేలల్లో కూలి లేదు. సున్నపు బట్టీలవాళ్లు వేళ్లతో సహా మొద్దులు కావాలన్నారు; కొమ్మలకంటే నిలకడగా మండుతాయి. అందరం తవ్వాం. చివరికి రాళ్ల మధ్య ఉన్న చెక్క ఒక్కటే మిగిలింది. ఎవరో ఒకరు తవ్వకపోరులే అనుకుని నేనే తవ్వాను. గునపంతో రెండు రోజులు పట్టింది. అంత కరువులోనూ వేళ్లు లోపల తడిగానే ఉన్నాయి.

కార్తీకంలో అత్త అడిగింది.

"ఎందాకా వచ్చిందే?"

"నడుం దాకా అత్తా."

"రాశావా?"

"రాశా."

"చదువు."

చదివాను. అక్షరాలు వచ్చాక నేను రాసిన మొదటి అబద్ధం అది.

"అయితే రెండేళ్లే ఎనకున్నాం! చానా నయమే," అని చప్పట్లు చరిచింది.

మరుసటి ఏడు ఓ రెమ్మ తెమ్మంది. అవతలి కొండ మీది పెద్ద తునికి చెట్టు రెమ్మ విరిచి ఆమె ఒళ్లో పెట్టాను. ఆకును బొటనవేలితో రుద్దింది. మళ్లీ రుద్దింది. మొద్దు నుంచి లేచిన తునికాకు వెడల్పుగా, నూగుతో మెత్తగా ఉంటుంది. బీడీలకు కోసేది దాన్నే. ముదురు చెట్టు ఆకు తోలులా బిరుసు. ఈ సంగతి నాకూ తెలుసు. కళ్లు పోయిన మనిషి ఏం పోల్చుకుంటుందిలే అనుకున్నాను.

"ఎప్పుడు తవ్వారే?"

"పోయినేడు."

"ఎవురు?"

నేను రెమ్మ తీసుకోబోయాను. ఆమె రెమ్మను ఒళ్లోనే ఉంచుకుంది.

"నువ్వు తెచ్చిన కట్టెలతోనే గదా నా పొయ్యి మండేది. నిన్నేమనను?" అన్నది.

ఆ తర్వాత పుస్తకం చదవమని ఎన్నడూ అడగలేదు. ఆ ఎండాకాలమే అత్త పోయింది.

ఇప్పటికీ వానలయ్యాక ఆ చెక్క దగ్గరకు వెళ్తాను. రాళ్లు ఉన్నాయి. గుంతలు మట్టితో పూడి గడ్డి మొలిచింది, అంతే. బర్మాలో అడవి ఇప్పుడెట్లా ఉందో చెప్పే మనిషీ లేదు. కుడి పేజీలో "నడుము దాకా" అన్నది కొట్టేయలేదు. దాని కింద "నేను తవ్వాను" అని రాసి, ఆమె అడిగినప్పటిలాగే పైకి చదివాను.